చెయ్యి కట్టేసుకోకు బిడ్డా

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. రొమ్ము తీసేసిన చోట వీపు కండ తెచ్చి మళ్లీ కడతారట, నువ్వు ఒప్పుకున్నావట. నేను 2011లో అదే ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఆఫీసులో ఉన్నమాట చెప్పి సెలవు పెట్టావంటే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

కొత్త ప్రయోగమేమో అని మీ అమ్మకు టెన్షన్. ఇటలీలో తాన్సీని అనే డాక్టర్ 1906లోనే ఈ పద్ధతి రాశాడని చెప్పు. ముందు బటన్లుండే నైటీలు కొనుక్కో. గాయంలో చేరే నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ పైపులు తీశాక వీపులో నీరు చేరి ఉబ్బితే భయపడకు, నువ్వు పిండకు. డాక్టర్‌కు చూపిస్తే సూదితో తీస్తారు.

ఇక నా తప్పు సంగతి. డిశ్చార్జ్ చేసేటప్పుడు వ్యాయామాల కాగితం ఇచ్చారు. ఇంటికొచ్చాక ఒక చుట్టం "చెయ్యి కదిలిస్తే కుట్లు ఊడతాయి" అన్నది. ఆ మాట పట్టుకుని కాగితాన్ని బీరువాలో పెట్టి, పాత చున్నీతో కుడిచేతిని ఒంటికి కట్టేసుకున్నా. ఐదు వారాలు! నొప్పి లేదని సంతోషపడ్డా. చున్నీ విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చింది నేనే. పద్మాక్షి గుట్టకు బయల్దేరేటప్పుడు దాన్ని తల మీదికి ఎత్తుకోలేకపోయా. పక్కింటామె ఎత్తుకుంది. నేను ఒట్టి చేతులతో వెనక నడిచా.

వీపు కండ పోయింది కాబట్టే చెయ్యి లేవట్లేదని ఏడ్చాను. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "ఆ కండ పని చేతిని పైకి లేపడం కాదమ్మా, కిందికీ వెనక్కీ లాగడం. బాయిలో నీళ్లు చేదడం లాంటిది. పైకి లేపే కండలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. కదిలించక కీలు బిగిసింది." నెలల తరబడి గోడ మీద వేళ్లు పాకించి, చేరిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టా. నా జడ నేను వేసుకోవడానికి ఏడాది పట్టింది. ఆ గీతలు వంటింటి గోడ మీద ఇంకా ఉన్నాయి, సున్నం వేయనివ్వలేదు.

కండ తీసినందుకు నిజంగా తగ్గిన బలం కొద్దిదే. మీ తాత ఊళ్లో చేదబాయి దగ్గర ఇప్పటికీ నిండు బొక్కెన లాగలేను. కింద కూర్చుంటే ఆ చెయ్యి మీద బరువు మోపి లేవడం కష్టం. పక్క కండలు చాలా పని అందుకున్నాయి.

అందుకే ముందే అడుగు: ఏ రోజు నుంచి మోచెయ్యి, ఏ రోజు నుంచి భుజం, ఎంత ఎత్తు వరకు, ఎన్ని వారాలు బరువు ఎత్తొద్దు. రాసుకో. తొందరపడి ఎక్కువా చెయ్యకు. నొప్పుంటే నోరు తెరిచి చెప్పు, మాత్ర ఇస్తారు. మొండిదానివి, నాకు తెలుసు. నొప్పిని దాచి "బానే ఉన్నా" అంటే మాత్రం ఊరుకోను.

నువ్వు ఇంటికొచ్చిన రోజే నేనూ వస్తా. మొదట్లో నీ తల నేనే దువ్వుతా. డాక్టర్ సరేనన్న రోజు దువ్వెన నీ చేతికిచ్చి పక్కనే కూర్చుంటా.

నీ పెద్దమ్మ,
హన్మకొండ