అడగండి, చెబుతాను: హైడ్రోజన్ ఎప్పుడు అంటుకుంటుంది?

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో మాకు బ్యాటరీల షాపు ఉంది. మా చిన్నోడు ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం హైడ్రోజన్ ఎంతసేపటికి అంటుకుంటుందో కంప్యూటర్‌లో లెక్క కడుతున్నాడు. లోపల ఇరవై దాకా రసాయన చర్యలు జరిగినా, మూడు నాలుగు మెట్లతో లెక్క తేలుతుందట. మిగతావి వదిలేస్తే తప్పు రాదా? ఛార్జింగ్‌లో వచ్చేదీ హైడ్రోజన్ గ్యాసే కాబట్టి మాకు ఎప్పుడూ టెన్షనే.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వస్తుంది, వదలకూడనిది వదిలితే.

నల్లగొండలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ ఏటా ల్యాబ్‌లో జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి హైడ్రోజన్ పట్టేవాణ్ణి. మొదటి పరీక్షనాళిక మూతి దగ్గర వెలిగే పుల్ల పెడితే ‘టప్’మనేది, లోపల గాలి కలిసి ఉండేది కాబట్టి. నాలుగోదానికి వచ్చేసరికి గాలంతా పోయి, గ్యాస్ మూతి దగ్గరే నిమ్మళంగా కాలేది. గాజు లోపల సన్నగా చెమ్మ పట్టేది. పిల్లలు వేలితో తుడిచి చూసేవాళ్లు.

బోర్డు మీద మాత్రం ఒక్క సమీకరణమే రాసేవాణ్ణి: రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. ఎంత వేడి పుడుతుందో తెలియడానికి అది చాలు. ఎప్పుడు అంటుకుంటుందో అందులో లేదు. ఎందుకంటే ఆ అణువులు నేరుగా గుద్దుకుని నీళ్లయిపోవు.

అసలు పనంతా ఒంటరి హైడ్రోజన్ పరమాణువుది. అది ఆక్సిజన్ అణువును చీల్చి ఒక ఓహెచ్‌నీ (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటి కలిసిన జత), ఒక ఆక్సిజన్ పరమాణువునూ పుట్టిస్తుంది. అవి చుట్టూ ఉన్న హైడ్రోజన్ మీద పడతాయి. ఒక చుట్టు తిరిగేసరికి ఒకటున్న చోట మూడు హైడ్రోజన్ పరమాణువులు తయారవుతాయి. మూడు తొమ్మిది, తొమ్మిది ఇరవై ఏడు... ఏదీ మధ్యలో ఆగకపోతే పది చుట్లకు 59,049. రసాయన చర్యలు లోపల ఎట్లా నడుస్తాయో పరిశోధించినందుకు 1956లో హిన్షెల్‌వుడ్, సెమెనోవ్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. ఈ గొలుసు వాళ్ల పనిలో ముఖ్యమైన భాగం.

దీనికి అడ్డుపడేది ఇంకో చర్య. అదే పరమాణువు, అదే ఆక్సిజన్, పక్కనే మూడో అణువు ఉంటే రెండూ అతుక్కుని హెచ్ఓ2 అవుతాయి. గొలుసు అక్కడ మందగిస్తుంది. వేడి పెరిగితే చీల్చే చర్యది పైచేయి, పీడనం పెరిగితే అతికే చర్యది. మామూలు గాలి పీడనంలో సుమారు 650–700 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ సమానమవుతాయి.

మీవాణ్ణి అడగాల్సింది ఇదే: నీ లెక్క ఆ హద్దుకు పైనా, కిందా? పైన అయితే కొన్ని మెట్లు చాలు. కింద హెచ్ఓ2 నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి, అది విరిగి రెండు ఓహెచ్‌లు ఇస్తేనే గొలుసు ముందుకు కదులుతుంది. అక్కడ పెరాక్సైడ్‌ను వదిలేస్తే లెక్క చెడుతుంది. ఇంకొకటి. ఓహెచ్, ఆక్సిజన్ పరమాణువులు పుట్టిన వెంటనే ఖర్చయిపోతాయని అనుకుని లెక్క తగ్గిస్తారు. మంట వేగానికి అది బాగానే పనికొస్తుంది, అంటుకునే సమయానికి మాత్రం సవరణ కావాలి. అయినా తగ్గించక తప్పదు. హైడ్రోజన్ మండే ఇంజన్ లాంటిదాన్ని కంప్యూటర్‌లో లక్షల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో ప్రతి క్షణం అన్ని చర్యలూ కట్టాలంటే కంప్యూటర్‌కు రోజులు పడుతుంది.

ఇక మీ షాపు. అక్కడ 650 డిగ్రీల వేడి లేదు కదా అని ధీమాగా ఉండకండి. నిప్పురవ్వ ఉన్న చోటే ఆ వేడీ, ఆ పరమాణువులూ పుడతాయి. గొలుసు మొదలవడానికి 0.02 మిల్లీజూల్ చాలు. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా మండుతుంది. తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. కిటికీ ఒక్కటే సరిపోదు, గోడకు పైన వెంటిలేటర్ పెట్టించండి. క్లిప్పులు తీసేముందు ఛార్జర్ స్విచ్ ఆపండి. స్విచ్ వేసి ఉండగా క్లిప్ లాగితే రవ్వ లేచేది సరిగ్గా బ్యాటరీ మూతల దగ్గరే.