బెంచీ మీద కూర్చున్న రోజు నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్ పీకే బెనర్జీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు, అది ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలవడం, 1960 రోమ్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్ మీద ఆయన కొట్టిన గోలు, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద కొట్టిన మొదటి గోలు, అన్నీ ఉన్నాయి. కానీ ఎనిమిది పేజీల్లో ఏడున్నర ఆటగాడికే ఇచ్చేసి, చివర్లో "అనంతరం కోచ్‌గానూ రాణించారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు చూడు, అక్కడ నాకు ప్రాణం ఉసూరుమంది. నువ్వు రాయాల్సింది ఆ ముక్క గురించే.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను స్పోర్ట్స్ డెస్క్‌లో కొత్తగా చేరినప్పుడు సికింద్రాబాద్‌లో ఒక లీగ్ మ్యాచ్‌కి పంపారు. టచ్‌లైన్ పక్కన కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఒకప్పుడు మంచి వింగర్, అప్పటికి కోచ్. నేను ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డాను. కుడివైపు ఆడుతున్న కుర్రాడికి బంతి అందినప్పుడల్లా ఆయన కుడికాలి చెప్పు దుమ్ములో ముందుకు జరిగేది, కుర్రాడు లోపలికి తిరిగితే మడమ తిరిగేది, సెంటర్ చేయాల్సిన చోట చేయకపోతే ఆ కాలు అలాగే గాల్లో ఆగిపోయేది. నోరు మాత్రం మెదపలేదు. మ్యాచ్ అయ్యేసరికి కుర్చీ ముందు చిన్న గుంట పడింది. నేనేమో స్కోరు, గోల్ కొట్టినవాళ్ళ పేర్లు రాసిచ్చి ఇంటికెళ్ళిపోయాను. ఆ గుంట గురించి ఒక్క అక్షరం రాయలేదు. ఇన్నేళ్ళయినా అది నన్ను బాధపెడుతూనే ఉంది.

ఇప్పుడు పీకే దగ్గరికి రా. ఆయన 1936లో పుట్టాడు, 1967లో గాయాల వల్ల ఆట వదిలేశాడు. అంటే ముప్పై ఒకటో ఏట. అప్పట్లో మన దగ్గర ఫుట్‌బాల్‌తో బతకడమంటే రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగం. ఆయన క్లబ్ జీవితమంతా దాదాపు ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు, కోల్‌కతాలో ఒకదానికొకటి పోటీగా నిలిచే పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, ఆ రెంటిలో దేని జెర్సీ వేసుకున్నవాడూ కాదు. అలాంటి మనిషి 1972లో ఈస్ట్ బెంగాల్ డ్రెస్సింగ్ రూమ్‌లోకి కోచ్‌గా అడుగుపెట్టాడు. ఆ గుమ్మం దగ్గర నిలబడి రాయి. తను ఎప్పుడూ ఆడని క్లబ్, తను చేసినట్టు చేయలేని కాళ్ళు, వాటితోనే గెలవాలి. మూడేళ్ళు తిరిగేసరికి, 1975 ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నమెంట్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద 5-0. ఆ స్కోరు నువ్వు ఎలాగూ రాస్తావు, నాకు దాని వెనక మూడేళ్ళు కావాలి.

1977 సెప్టెంబర్ 24 మాత్రం వదలొద్దు. ఈడెన్ గార్డెన్స్, వానకు తడిసిన నేల, అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్ తరఫున పీలే. ఈసారి పీకే మోహన్ బగాన్ కోచ్. పీలే ఆయనకంటే నాలుగేళ్ళే చిన్న! ఒకాయన ఇంకా మైదానంలో ఉన్నాడు, ఇంకొకాయన పదేళ్ళుగా గీత బయట ఉన్నాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది, మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్‌ది. నువ్వు ఆ పేరు కూడా రాయకుండా "స్టార్ ఆటగాళ్ళు" అనేశావు, తెలుగులో రాస్తూ అదెలా మరిచిపోయావయ్యా?

హైదరాబాద్ అంటే హబీబ్ ఒక్కడే కాదు. జకార్తాలో పీకే ఆడింది ఎవరి చేతికింద? బడిపంతులుగా పనిచేసిన మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ చేతికింద. 1962లో ఆ స్వర్ణం వచ్చేనాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది, 1963 జూన్‌లో పోయారు. డ్రిబ్లింగ్ చేయకూడదని, బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఇక్కడ కుర్రాళ్ళకు టోర్నమెంట్లు నడిపిన మనిషి ఆయన. ఆయన దగ్గర ఆడిన కుర్రాడు పీకేనే పదేళ్ళ తర్వాత కోల్‌కతాలో మరో హైదరాబాదీ హబీబ్‌ని ఆడిస్తున్నాడు. ఈ ముగ్గురినీ ఒకే పేజీలోకి తీసుకురా, నీ వ్యాసం నిలబడుతుంది.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతున్నా. మ్యాచ్ ముందు పీకే ఇచ్చే ప్రసంగాలకు 'వోకల్ టానిక్' అని పేరుండేది. నువ్వు అక్కడ ఆరు లైన్ల డైలాగు రాశావు, మూడు ఆశ్చర్యార్థకాలతో సహా. ఆ మాటలు నీకెవరు చెప్పారు? ఆ గదిలో ఉన్నవాడు చెబితే రాయి, లేకపోతే ఆ పేరు చెప్పి ఆగిపో. నిజం మనిషి నోట్లో మన మాట పెట్టకూడదు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి సాల్ట్ లేక్‌లో లక్షా ముప్పై వేలమంది కూర్చున్నారు, అరవై దాటిన పీకే ఈస్ట్ బెంగాల్ బెంచీ మీద ఉన్నాడు, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, మోహన్ బగాన్ మీద 4-1. ఉన్నదే ఇంత ఉంటే కల్పన దేనికి?

భాష కూడా కాస్త సడలించు. 'కాల్బంతి శిక్షకుడు' అని గ్రౌండ్‌లో ఎవరూ అనరు. కోచ్ అను, వింగ్ అను, సెంటర్ చేశాడు అను.

పీకే 2020 మార్చిలో పోయారు. 2023లో ఫిబ్రవరిలో పీకేతో కలిసి ఆడిన బలరాం, ఆగస్టులో హబీబ్ పోయారు. పీకే చేతికింద ఆడినవాళ్ళు ఇంకా కొందరున్నారు, పెద్దవాళ్ళైపోయారు. ఈ నెలలోనే వెళ్ళు. స్కోర్లు అడగకు, అవి పాత పేపర్లలో దొరుకుతాయి. ఆట నడుస్తున్నంతసేపు బెంచీ మీద పీకే కాళ్ళు ఏం చేస్తుండేవో అడుగు.

ప్రేమతో,
మీ అన్న