కు అన్నీ ఒకటి కావు, తమ్ముడూ

సందేహం: అన్నా, యొకొహామా వచ్చి ఏడాది కావస్తోంది. ఉద్యోగం మారి టోక్యో వెళ్తున్నాం. ఇక్కడ జపాన్ అడ్రసుల్లో వచ్చే షి (నగరం), కు (వార్డు), మచి ఇవన్నీ తెలుసుకోవాలా? ఈ కు నుంచి ఆ కు కే కదా?

నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. యొకొహామాలోనే ఒక కు నుంచి ఇంకో కు కి మారినప్పుడు కొత్తచోట ఒక్క కాగితం నింపితే పనైపోయింది. తర్వాత టోక్యోలో నిషికసాయ్‌లో దిగాం. అక్కడా బోర్డు మీద 'కుయకుషో', అంటే కు ఆఫీసు, అనే ఉంది. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక, కౌంటర్లో అమ్మాయి నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి 'తెన్‌షుత్సు?' అంది. అంటే, పాత ఊళ్లో వెళ్లిపోతున్నామని రాయించుకున్న కాగితం. అరపూట సెలవు, రానుపోను రైలు ఛార్జీలు హారతి!

యొకొహామా ఒక షి, మన కార్పొరేషన్ లాంటిది. అలాంటి పెద్ద షిలు 20 ఉన్నాయి. వాటిలో కు అంటే సర్కిల్ ఆఫీసే. టోక్యో షిని మాత్రం 1943లోనే ఎత్తేశారు. ఇప్పుడున్నది 'తో', మన రాష్ట్రం లాంటిది. అందులోని 23 కు లూ దేనికది సొంత మేయరు, సొంత కౌన్సిల్ ఉన్న విడి ఊళ్లు. మచి అంటే చిన్న ఊరు, మురా అంటే పల్లె. వాటితో నీకిప్పట్లో పని పడదులే.

కాగితం పోతే పోయింది, అసలు దెబ్బ డబ్బుది. జూమిన్‌జే అని ఊరి పన్ను ఒకటుంది. పోయినేడాది సంపాదనలో మినహాయింపులు పోగా మిగిలినదాని మీద దాదాపు 10 శాతం. జనవరి 1న ఎక్కడుంటే ఆ ఊరే వేస్తుంది. వచ్చిన కొత్తలో ఉండదు కాబట్టి నీకింకా తగల్లేదు. ఇంత మిగులుతోందా అని నేనైతే ఉన్నదంతా ఊళ్లో ఇంటి స్లాబుకి పంపేశాను! తర్వాత కంపెనీ జీతంలోనే కోసుకునేది, పట్టించుకోలేదు. మార్చిలో ఉద్యోగమూ ఇల్లూ మారాక, జూన్‌లో యొకొహామా నుంచి లావుపాటి కవరొచ్చింది. అక్కడ లేంగా, పొరపాటున పంపారని ఫ్రిజ్ మీద పడేశాను. ఆనక హెచ్చరిక ఉత్తరం, ఆలస్యానికి వడ్డీ. రెండు వాయిదాలు ఒకేసారి కట్టి, ఆ నెల పప్పుచారుతో గడిపాం.

మైనంబర్ కార్డు (మన ఆధార్ లాంటిది) ఉంటే తెన్‌షుత్సు ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు. మారాక 14 రోజుల్లో కొత్త కుయకుషోకి మాత్రం స్వయంగా వెళ్లాలి. మిగతా రూల్స్ వాళ్ల సైట్లో చూసుకో. జీతంలో పదో వంతు ఈ నెల నుంచే విడిగా పెట్టు. పన్ను కట్టే చీటీలు ఇంటికొస్తే వాయిదాలు మామూలుగా జూన్, ఆగస్టు, అక్టోబర్, జనవరి. సంక్రాంతికి టికెట్లు బుక్ చేసే ముందు ఆ నాలుగోది కట్టావో లేదో చూసుకో.