పథకం వేరు, హక్కు వేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సోషల్ డెమోక్రసీ అంటే ఉచిత పథకాలు పంచడమేనా? ఎలక్షన్లు రాగానే మా దగ్గర జరిగేది అదే కదా!
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: కాదండీ. ఎన్నికలుంటాయి, ప్రైవేటు వ్యాపారమూ ఉంటుంది. పన్నుల సొమ్ముతో చదువు, వైద్యం, వృద్ధాప్య భద్రత అందరికీ అందాలి. యజమానితో బేరమాడే బలం కార్మిక సంఘానికి ఉండాలి. దాని సారం ఇదీ. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఒకదాన్నొకటి విడిచి ఉండలేవని, సాంఘిక ప్రజాస్వామ్యం పునాదిగా లేకుంటే రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చెప్పింది కూడా ఈ దారిలోదే.

రేషన్ బియ్యాన్నీ రైతుబంధునూ పక్కపక్కన పెట్టి చూడండి. మన తెలంగాణలో బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. కార్డులో నాలుగు పేర్లుంటే 24. రైతుబంధు 2018లో మొదలైనప్పుడు పంటకు ఎకరానికి 4 వేలు. అంటే పదెకరాల ఆసామికి 40 వేలు, ఎకరం రైతుకు 4 వేలు, ఆ పదెకరాలనూ కౌలుకు దున్నేవాడికి సున్నా. పాసుపుస్తకం ఎవరిదైతే సొమ్ము వాళ్లదే. ఇక బియ్యంలో 5 కిలోలు 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. డీలరు ఎగ్గొడితే జిల్లా ఫిర్యాదుల అధికారిని అడగొచ్చు, అక్కడా తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు పోవచ్చు. ఎవరికి ఎంత అందుతోంది, అందకపోతే ఎవరిని నిలదీయొచ్చు? ఏ పథకాన్నైనా ముందు ఈ రెండూ అడగండి.

అన్నట్టు, సెల్‌ఫోన్ రీఛార్జికి కూడా జీఎస్టీ కట్టే కూలీని పట్టుకుని ‘ఫ్రీగా తింటున్నాడు’ అనడం నాకు నచ్చదు.

ప్రశ్న: సోషల్ డెమోక్రసీ స్వీడన్‌కు చెల్లింది, మనలాంటి పేద దేశానికి డబ్బెక్కడిది? మా ఊళ్లో చాలామంది హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి బతుకుతున్నారు.
– నారాయణపేట పాఠకురాలు

జవాబు: 1913లో అందరికీ పింఛను చట్టం చేసేనాటికి స్వీడన్ సంపన్న దేశమేం కాదమ్మా. అప్పటికే అక్కడినుంచి లక్షలమంది బతుకుదెరువుకు అమెరికా పోయారు.

మీ ఊరివాళ్ల పేరిట డబ్బు వసూలవుతూనే ఉంది. 1996 నాటి చట్టాలతో మొదలైన నిబంధన ప్రకారం నిర్మాణ ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు కార్మికుల సంక్షేమ బోర్డుకు పోవాలి. కోటి రూపాయల బిల్డింగుకు లక్ష. ఆ నిధులు ఖర్చు చేయకుండా మూలబెట్టినందుకు 2018లో సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టింది. అంటే మన జబ్బు అన్నివేళలా డబ్బు లేకపోవడం కాదు, పేరు నమోదు కాకపోవడం.

వయసు 18 నుంచి 60 లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు ఆ బోర్డులో పేరు నమోదుకు, అంటే లేబర్ కార్డుకు అర్హులు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, నామినీ వివరాలు పట్టుకుని లేబర్ ఆఫీసులో అడగండి. చిక్కు వచ్చేది 90 రోజుల రుజువు దగ్గరే. అడ్వాన్సులు, కూలీ లెక్కలు బయటపడతాయని గుంపు మేస్త్రీ సంతకానికి వెనకాడతాడు. రిజిస్టరైన సంఘం ఇచ్చే ధ్రువీకరణ పనికొస్తుంది, అందుకే సంఘంలో చేరమనేది. తేదీ, సైటు, మేస్త్రీ పేరు ఏ రోజుకారోజు నోట్‌బుక్కులో రాసిపెట్టుకోవాలి. మాలు అందించే ఆడవాళ్లు భర్త కార్డే చాలనుకుంటారు. చాలదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. రెన్యువల్ గడువు దాటినా, ఆధార్‌లో ఒక పేరు బ్యాంకులో ఇంకో పేరు ఉన్నా, పెళ్లయ్యాక నామినీని మార్చకపోయినా బోర్డు సాయానికి పెట్టే క్లెయిమ్ ఇబ్బందుల్లో పడుతుంది.

ప్రశ్న: మరి కమ్యూనిజానికీ సోషల్ డెమోక్రసీకీ తేడా?
– నకిరేకల్ పాఠకుడు

జవాబు: ఆస్తులన్నీ సర్కారువి కావాలని ఇది అనదు, ఓట్లలో ఓడితే గద్దె దిగుతుంది. అలాగని పంపకాన్ని ఉన్నోళ్ల దయకు వదలదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో పేదలకు భూమి కావాలని వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు. గొప్ప మనసే. దానికి ముందే 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు రాసింది, తర్వాత అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్లతో చాలామంది భూమికి యజమానులయ్యారు. దాత దొరికినా దొరక్కపోయినా ఆ హక్కు నిలుస్తుంది. మీ తాతల పేరిట ఆ సర్టిఫికెట్ ఉండి పాసుపుస్తకంలో పేరు ఎక్కకపోతే, ముందు తహసీల్దారు ఆఫీసులో రక్షిత కౌలుదారుల రిజిస్టరు నకలుకు దరఖాస్తు పెట్టండి.