మోస్తర్ వెళ్లే రోజుకు సింగిల్ ఎంట్రీ వీసా చాలదు

భారతీయ పాస్‌పోర్టుతో, విదేశీయులున్న బృందంలో క్రొయేషియా టూరుకు వెళ్తూ మధ్యలో ఒకరోజు బోస్నియాలోని మోస్తర్ చూడాలనుకుంటే, తిరిగి క్రొయేషియాలోకి రావడం మీకు కుదరకపోవచ్చు. మీ బృందంలోని ఆస్ట్రేలియా, కెనడా వారికి లేని ఈ అడ్డంకి మీ ఒక్కరికే ఎందుకు వచ్చిందో మీ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) వీసా స్టిక్కరే చెబుతుంది: ప్రవేశాల సంఖ్య దగ్గర 01 అని ఉంటుంది. వారికి ఈ దేశాల్లో కొద్దిరోజుల పర్యటనకు వీసాయే అక్కరలేదు కనుక, టూరు కంపెనీ సూచనల్లో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

స్ప్లిట్, డుబ్రోవ్నిక్ నగరాలున్న క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో ఉంది. మధ్యలో మీరు చూడబోయే మోస్తర్ బోస్నియాలో ఉంది, అది షెంగెన్ కాదు. ఉదయం సరిహద్దు దాటగానే మీకున్న ఒక్క ప్రవేశమూ చెల్లిపోతుంది, సాయంత్రం తిరిగి రావడానికి రెండోది కావాలి.

1. చాలామంది వదిలేసే పని ఇదే: ప్రయాణ పట్టికలో ఊళ్లను కాక సరిహద్దులను లెక్కపెట్టండి. షెంగెన్‌లోకి ఎన్నిసార్లు అడుగుపెడతారో పెన్సిల్‌తో రోజువారీగా గుర్తించండి.

2. వ్యవధి ఉంటే, మల్టిపుల్ ఎంట్రీ కోరుతూ కొత్తగా దరఖాస్తు చేసి, మోస్తర్ రోజు స్పష్టంగా కనిపించే పట్టికను జతచేయండి. కట్టిన రుసుము తిరిగి రాదు, అది బాధే. బోస్నియా ప్రవేశ నియమాన్ని కూడా వారి రాయబార కార్యాలయంలో విడిగా నిర్ధారించుకోండి.

3. వ్యవధి లేకపోతే మోస్తర్ మానుకుని, స్ప్లిట్ నుంచి బస్సులో డుబ్రోవ్నిక్ చేరి బృందాన్ని కలుసుకోండి. 2022లో ప్రారంభమైన పెల్యెషాట్స్ వంతెన వల్ల క్రొయేషియా దాటనక్కరలేదు. అయితే ఆ బస్సు బోస్నియాలోని నేఉమ్ పట్టణం మీదుగా వెళ్లదని టికెట్ కొనేముందే అడిగి నిర్ధారించుకోండి.