మోసపోయానని ఇంగ్లీషులో చెప్పాలంటే “చీట్” ఒక్కటే సరిపోదు

మీరు అడిగినవి రెండు. “మోసం చేశాడు” అనడానికి “చీట్” కాకుండా అమెరికన్లు మామూలుగా వాడే మాటలు ఏమిటి అన్నది ఒకటి, అవి మెయిల్స్‌లో, కంప్లయింట్లలో రాయొచ్చా అన్నది రెండోది. నేను హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో కొన్నేళ్లు నైట్ షిఫ్టులు చేశాను. అమెరికన్ బ్యాంకు కస్టమర్లు డబ్బు పోయిందని ఫోన్ చేస్తే వాళ్ల మాట విని కేసు రాసుకోవడం నా పని. కాబట్టి పుస్తకంలో చదివినవి పక్కనపెట్టి, డబ్బు పోగొట్టుకున్నవాళ్ల నోట విన్నవే చెబుతాను.

ముందు “చీట్” సంగతి తేల్చేద్దాం. “హీ చీటెడ్ మీ” తప్పేమీ కాదు, కానీ అమెరికన్ చెవికి “చీట్” అంటే ఎక్కువగా పరీక్షలో కాపీ, ఆటలో తొండి, లేదంటే మొగుడూపెళ్లాల గొడవ. పొరపాటున మధ్యలో “ఆన్” చేర్చి “హీ చీటెడ్ ఆన్ మీ” అన్నారా, నాతో ఉంటూనే ఇంకొకరితో సంబంధం పెట్టుకున్నాడనే అర్థం. ఇంటి ఓనర్ అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదని చెప్పబోయి ఈ “ఆన్” తగిలిస్తే వినేవాళ్లు బిత్తరపోతారు. “ఫోర్ ట్వంటీ” కూడా అంతే. అది పాత ఐపీసీ 420 సెక్షన్ నుంచి మనకొచ్చిన తిట్టు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం 318వ సెక్షన్ కిందకు వెళ్లినా మన నోట్లో మాత్రం 420 అలాగే ఉండిపోయింది. అమెరికాలో 420 అంటే గంజాయి. అక్కడ ఎవరినీ అలా అనకండి.

ఇక అసలు మాటలు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది “ఐ గాట్ స్కామ్డ్”. వయసు కుర్రవాళ్లయితే అక్కడితో ఆపేసి డబ్బు ఎప్పుడొస్తుందని అడుగుతారు. పెద్దవాళ్లు అలా కాదు, చాలాసేపు అటూఇటూ తిప్పి, చివరికి గొంతు తగ్గించి “ఐవ్ బీన్ హ్యాడ్” అంటారు. గ్రామర్ చూసుకుంటే వింతగా ఉంటుంది గానీ, నన్ను బుట్టలో వేసేశారు అని చెప్పడమది. “ఐ వాజ్ టేకెన్ ఫర్ ఎ రైడ్” కూడా ఇదే కోవలోది, మన ఇంగ్లీషు పేపర్లలోనూ కనిపిస్తుంది. పన్నుల శాఖ అధికారినని ఎవడో బెదిరిస్తే షాపుకెళ్లి గిఫ్ట్ కార్డులు కొని, వెనకున్న నంబర్లు ఫోన్లో చదివి వినిపించినవాళ్లు ఎక్కువగా అనే మాట “ఐ ఫెల్ ఫర్ ఇట్, హుక్, లైన్ అండ్ సింకర్”. ఎరతో ఆగకుండా గాలం, దారం, దానికి కట్టిన సీసం గుండుతో సహా మింగేశానని. అంటే ఎక్కడా, ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదని ఒప్పుకోవడం. ఈ మాట విన్నప్పుడు “మీలాంటివాళ్లు చాలామంది ఫోన్ చేస్తున్నారమ్మా, మీ ఒక్కరికే జరగలేదు” అని నేను తప్పకుండా చెప్పేవాణ్ణి, ఎందుకంటే ఆ మనిషి డబ్బుకంటే సిగ్గుతో ఎక్కువ కుంగిపోతున్నట్టు గొంతులోనే తెలిసిపోతుంది.

ఎంత పోయిందన్నదాన్ని బట్టి కూడా మాట మారుతుంది, ఇక్కడే మనవాళ్లు తడబడతారు. “రిప్ ఆఫ్” చిన్నది. ఎయిర్‌పోర్టులో ఇడ్లీకి ఐదింతల రేటు వేస్తే అది రిప్ ఆఫ్. రిటైరయ్యాక దాచుకున్నదంతా పోయిన మనిషితో “సో యూ గాట్ రిప్డ్ ఆఫ్” అంటే వాళ్ల బాధను తేలిక చేసినట్టే ఉంటుంది. ఉన్నదంతా ఊడ్చుకుపోతే “దే క్లీన్డ్ మీ అవుట్” లేదా “దే టుక్ మీ టు ద క్లీనర్స్” అంటారు. ఈ రెండోది విడాకుల కేసుల్లోనూ తెగ వాడతారు, కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

డబ్బు ఒక్కసారిగా పోకుండా, ఆశ పెట్టి నెలల తరబడి తిప్పుకుంటే “హీ స్ట్రంగ్ మీ అలాంగ్”. “స్ట్రింగ్డ్” అనకండి, “స్ట్రంగ్”. ఆన్‌లైన్‌లో పరిచయమై ప్రేమ కబుర్లు చెప్పి, వీసా ఖర్చనీ ఆసుపత్రి బిల్లనీ లాగినవాళ్ల గురించి ఈ మాట వింటాం. వేరేవాళ్ల ఫొటోలు పెట్టుకుని ఇంకో మనిషిలా నటిస్తే “క్యాట్‌ఫిష్”. 2010లో ఇదే పేరుతో వచ్చిన ఒక డాక్యుమెంటరీ తర్వాత జనంలోకి వెళ్లిపోయింది. దారి తప్పించి నమ్మించడాన్ని అమెరికన్లు “లెడ్ మీ డౌన్ ద గార్డెన్ పాత్” అంటే బ్రిటిషువాళ్లు అదే “అప్ ద గార్డెన్ పాత్” అంటారు.

“పుల్” తో మొదలయ్యే మూడింటిని మాత్రం కలిపేయొద్దు. “పుల్ ద ఊల్ ఓవర్ మై ఐస్” అంటే కళ్లకు గంతలు కట్టి నిజం కనపడకుండా చేయడం. “పుల్ ఎ ఫాస్ట్ వన్” అంటే బేరంలోనో పనిలోనో చటుక్కున బురిడీ కొట్టించడం. “పుల్లింగ్ మై లెగ్” ఉత్త ఆటపట్టించడం, అందులో దురుద్దేశం ఉండదు. పోలీసు కంప్లయింట్‌లో “హీ పుల్డ్ మై లెగ్” అని రాస్తే స్నేహితుడు జోకేశాడని చదువుకుంటారు.

ఒక మాట నన్ను గుచ్చుకునేది. కేసు వివరాల కోసం మేం తిరిగి ఫోన్ చేస్తే, మన యాస వినగానే కొందరు “ఐ హ్యావ్ ఎ బ్రిడ్జ్ టు సెల్ యూ” అని పెట్టేసేవాళ్లు. నీ మాట నమ్మేవాడైతే వంతెన కూడా కొంటాడు అని దాని భావం. న్యూయార్క్‌లో 1883లో తెరిచిన బ్రూక్లిన్ వంతెనను తనదని చెప్పి అమాయకులకు అమ్మిన ఘనుల్లో జార్జ్ పార్కర్ ఒకడు, వాడికి 1928లో యావజ్జీవ శిక్ష పడింది. “కాన్ మ్యాన్” కూడా న్యూయార్క్ సరుకే. విలియం థాంప్సన్ అనేవాడు మంచి బట్టలేసుకుని వీధిలో పెద్దమనుషుల్ని పలకరించి, నా మీద నమ్మకం ఉంటే మీ గడియారం రేపటిదాకా ఇవ్వండి అని అడిగి పట్టుకుపోయేవాడు. 1849లో దొరికిపోయాడు. పత్రికలవాళ్లు వాడిని “కాన్ఫిడెన్స్ మ్యాన్” అన్నారు, అదే కురచబడింది. మన దేశం నుంచి వెళ్లే దొంగ కాల్స్ ఎన్నో ఉన్నప్పుడు నన్నూ ఆ జాబితాలో వేసుకున్నారని ఫోన్ పెట్టేసినవాళ్లమీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఆ కాల్స్ చేసేవాళ్లమీదే వచ్చేది.

మన టోపీ పెట్టడం, పంగనామాలు, శఠగోపం, చెవిలో పువ్వులు లాంటివి ఇంగ్లీషులోకి మార్చే ప్రయత్నం చేయకండి. ఒక్కటీ నిలబడదు.

ఇక రెండో ప్రశ్న. ఆఫీసులో తోటివాళ్లతో చాట్‌లో ఇవన్నీ నిక్షేపంగా వాడుకోండి. బ్యాంకుకో పోలీసులకో రాసేటప్పుడు మాత్రం ఒక్కటీ వద్దు. కారణం ఉంది. “ఐ వాజ్ టేకెన్ ఫర్ ఎ రైడ్” అన్నప్పుడు డబ్బు మీరే పంపారా, దొంగ పంపుకున్నాడా అన్నది అందులో లేదు, అమెరికన్ బ్యాంకులో కేసు అంతా దానిమీదే నడుస్తుంది. డెబిట్ కార్డు దొంగతనమైందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే కస్టమర్ మీద పడేది 50 డాలర్లకు మించకూడదని అక్కడ ఫెడరల్ నిబంధన. మాయమాటలతో పాస్‌వర్డ్ రాబట్టి వాడే ట్రాన్స్‌ఫర్ చేసుకున్నా అది అనుమతి లేని లావాదేవీయే. వాడి మాట నమ్మి మీ చేత్తో మీరే పంపితే ఆ రక్షణ మామూలుగా వర్తించదు. అందుకే ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పారు, మీరు ఏ వివరం ఇచ్చారు, “సెండ్” ఎవరు నొక్కారు, ఎన్ని గంటలకు, ఇవి వరసగా మామూలు వాక్యాల్లో రాయండి. “దే ట్రిక్డ్ మీ ఇంటూ గివింగ్ మై పాస్‌వర్డ్” వేరు, “దే ట్రిక్డ్ మీ ఇంటూ సెండింగ్ ద మనీ” వేరు. వీటిలో మీకు జరిగింది ఏదో అదే రాయండి.