కాపీ పెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఏ పాటా పెట్టకండి

మదర్‌బోర్డులో (అన్ని భాగాలూ తగిలించే ముఖ్యమైన బోర్డు) స్టోరేజ్, ఆడియో ఎలా ఉన్నాయో ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా అని అడిగారు. ఒంగోల్లో పదేళ్ళుగా చుట్టాలకీ స్నేహితులకీ సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇస్తున్నాను. జీతమిచ్చే ఉద్యోగం వేరే ఉంది, ఇది చేతి దురద. నా మాట ఒక్కటే: ఆ రెండిటినీ వేర్వేరుగా పరీక్షిస్తే సగమే తెలుస్తుంది. ఒకేసారి నడపాలి.

పోయిన రోహిణి కార్తెలో కందుకూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. "బావా, సిస్టమ్‌లో కీచురాయి దూరినట్టుంది. ఫైలు కాపీ పెడితే అరస్తంది, ఆపితే గమ్మునుంటది" అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచాను. ఏ చప్పుడూ లేదు. ఎస్‌ఎస్‌డీలో (ఫైళ్ళు దాచే చిప్పుల డ్రైవు) ఉన్న 180 జీబీ పెళ్ళి ఫుటేజ్‌ని అందులోనే ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ పెట్టగానే చెవిలో 'చిర్ర్' మొదలైంది. మౌస్ కదిపితే ఇంకో శ్రుతి. కేబినెట్ మూత తీసి చూస్తే, ముందువైపు జాక్‌కి వెళ్ళే ఆడియో వైరు గ్రాఫిక్స్ కార్డు కిందుగా, దాన్ని రాసుకుంటూ పోయింది. హెడ్‌ఫోన్స్ పీకి వెనకవైపు ఆకుపచ్చ పోర్టులో పెట్టాను. కీచురాయి చచ్చింది. బోర్డు పెట్టె మీద 'స్టూడియో సౌండ్' అని బంగారు రంగులో అచ్చేస్తారు గానీ, ఆ సౌండ్ ముందు జాక్ దాకా ఎలా వస్తుందో ఏ రివ్యూలోనూ చూపించరు.

ఈలోగా కాపీ వైపు చూశాను. మొదట్లో సెకనుకి 1,200 ఎంబీ అన్నది నాలుగో వంతు దాటేసరికి 90కి పడింది. కొన్న షాపువాడు మాత్రం డ్రైవు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో 3,400 వచ్చిన స్క్రీన్‌షాట్ పంపాడట. అదీ నిజమే. 1 జీబీ టెస్టు పెడితే ఎస్‌ఎస్‌డీలో వేగంగా రాసుకునే కాస్త చోటులోనే అయిపోతుంది. ఆ చోటు నిండాక దాని అసలు రంగు బయటపడుతుంది. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే చవక క్యూఎల్‌సీ డ్రైవుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే మీరు రోజూ వాడే సైజు ఫైళ్ళతోనే కాపీ పెట్టి చూడండి. ఇక క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లోనే చదివే వేగం 550 దగ్గర ఆగితే అది సాటా (పాత, నెమ్మది రకం కనెక్షన్) డ్రైవు. 3,500 రావాల్సిన డ్రైవు 1,700 దగ్గర ఆగితే దాన్ని గుచ్చిన ఎం.2 స్లాట్‌కి నాలుగు లేన్లకి (డేటా నడిచే దారులు) బదులు రెండే ఇచ్చి ఉంటారు, పై స్లాట్‌లోకి మార్చి చూడండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే హార్డ్‌డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఒకటి రెండు ఆగిపోతాయి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. హార్డ్‌డిస్క్ పోయిందని ఏడ్చేముందు అది చదవండి.

ఆడియోకి కొలతలే కావాలంటే వెనక ఆకుపచ్చ పోర్టు నుంచి నీలం పోర్టుకి 3.5 ఎంఎం వైరు కలిపి రైట్‌మార్క్ ఆడియో ఎనలైజర్ అనే ప్రోగ్రామ్ నడపండి. పాట మధ్యలో టక్ టక్ మని తెగుతుంటే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ పెట్టి ఏ డ్రైవర్ (భాగాలని నడిపే సాఫ్ట్‌వేర్) ఆలస్యం చేస్తుందో చూడండి. ఈ రెండూ నేను చాలాసార్లు చేశాను, చెవికి తెలియని కొత్త సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇక మావాడి స్పీకర్లలో ఇంకో చప్పుడు మిగిలే ఉంది, సన్నగా 'గుయ్' మని. వైర్లు సర్దుతుంటే కేబినెట్ రేకు తగిలి వేలు జివ్వుమంది. టెస్టర్ పెడితే మిణుకు మిణుకుమంటూ వెలిగింది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి కూర్చున్నాడు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని (సిస్టమ్‌కి కరెంటిచ్చే పెట్టె) ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల రేకు మీద 110 వోల్టుల దాకా కనిపిస్తుంది. మామూలుగా ఆ కరెంటు స్వల్పమే గానీ, ఎర్త్ లేకుండా వాడటం ప్రమాదం, పైగా స్పీకర్లు ఊరుకోవు.

మూడు పిన్నుల మంచి బాక్సు తెప్పించి పెట్టినా గుయ్ సగమే తగ్గింది. పెరట్లోకి వెళ్ళి ఎర్త్ గుంట చూస్తే మట్టి నెర్రెలిచ్చి ఉంది. రెండు బిందెలు పోసి, పావుగంట ఆగి లోపలికొచ్చి విన్నాం. గుయ్ లేదు!

లక్ష రూపాయల సిస్టమ్‌కి రెండు బిందెల నీళ్ళు వైద్యం. కుళాయి వచ్చిన రోజు ముందు గుంటకి పోసి, తర్వాతే డ్రమ్ములు నింపుతున్నాడట. మా చెల్లెలు నన్ను తిడుతోంది.